ఏడో పుట గుట్ట మీద ఉంది

పడవలు కదలడానికి పన్నెండు రోజులు

ఇది నా కోసమే రాసి పెట్టుకుంటున్నాను. వచ్చే ఏడాది ఇదే కాలానికి ఇదే పని మళ్ళీ నా నెత్తిన పడుతుంది. అప్పటికి ఈసారి ఏం చేశానో ఒక్క ముక్క గుర్తుండదు. పోయినసారీ అంతే, అంతకు ముందుసారీ అంతే. కొట్లో ఒక్కదాన్నే ఉంటాను, అడగడానికి ఇంకో మనిషి లేదు. అందుకని తిరుపతమ్మా, బుద్ధిగా చదువుకో.

విషయం ఏమిటంటే, రాతల్ని పుటలుగా కూర్చే కూర్పుపెట్టె రేవులో నా అచ్చుకొట్లో ఉంది. పోటు పుస్తకం రాత గుట్ట మీద, ఊరి రాతలన్నీ దాచే అరల ఇంట్లో, ఒక అరలో ఉంది. రెంటికీ మధ్య గంటన్నర నడక, ఒక తీగ.

నిరుడు దాకా ఈ గొడవే లేదు. అరల ఇల్లు రేవు నీళ్ళలోనే, కర్రల మీద ఉండేది. పోటు రాసే వీరాంజనేయులు బాబాయ్ తన పడవను గుమ్మానికి ఆనించి, బొటనవేలు పెట్టి అర తెరిచేవాడు. నేను పెట్టెను ఆ అరలోనే కూర్చోబెట్టి 'కూర్చు' అనేదాన్ని. పుటలు వరసగా వచ్చి పడేవి. మొన్న కార్తీకంలో తుఫానుకు ఆ కర్రలు సగం విరిగేసరికి పెద్దలు భయపడి అరలన్నీ గుట్ట మీదికి ఎక్కించారు. మంచి పనే. అచ్చుకొట్టు సంగతి మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఈవేళ పొద్దున్నే పెట్టెను తీగకు తగిలించి, గుట్ట మీద అర చిరునామా చెప్పి 'కూర్చు' అన్నాను.

"తల్లి ముక్క దొరికింది" అంది పెట్టె. ప్రాణం లేచి వచ్చింది.

"ఒకటో ముక్క దొరకలేదు. ఆగిపోయాను" అంది వెంటనే.

తల్లి ముక్కలో పెద్దగా ఏమీ ఉండదు. 'ఇక్కడ ఒకటి పెట్టు, దాని తర్వాత రెండు పెట్టు' అని నలభై దాకా పిలుస్తుంది, అంతే. సరుకంతా ఆ నలభై పిల్ల ముక్కల్లో ఉంటుంది. పడవదారిలో ఒక్కో మజిలీకి ఒక్కో ముక్క, ఒక్కో ముక్కకు ఒక్కో పుట. మునిగిన ఊళ్ళ మీదుగా పోయేటప్పుడు ఏ తిథినాడు, ఏ గంటకు, ఏ మేడ కప్పు మీద ఎన్ని బారల నీళ్ళుంటాయో గళ్ళలో నింపి ఉంటుంది. చదువుకునే తెరలు నీళ్ళ మీద బతకవు. ఉప్పు గాలి తగిలితే గంటలో గుడ్డివైపోతాయి. అందుకని పడవకో పుస్తకం, మైనపు గుడ్డ అట్ట. మొత్తం అరవై మూడు పడవలు. చైత్ర పున్నమి పోటుకే అవి ముఖద్వారం ఇసకమేట దాటగలవు. అది తప్పితే మళ్ళీ నెలరోజులు. రేవులో బియ్యం అన్నాళ్ళు రావు.

ఒకటో ముక్క దొరకలేదట! తల్లి కొంగు పట్టుకుని పక్కనే కూర్చుని ఉంటే!

పదకొండు రోజులు

అరల కాపలా ఎస్తేరు రాణి గారికి తీగఫోను చేశాను. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు ఈ రేవులో లేరు.

"ఎస్తేరు రాణి గారూ, చిన్న సాయం. బాబాయ్ అరలో ముక్కలు నలభై ఉన్నాయి కదా, ఒకసారి ఇటు తోసెయ్యండి. కొట్లో ఉన్న నా చిన్న అరలో పెట్టుకుని కూర్చుకుంటాను. సాయంత్రానికి చెరిపేస్తా."

"కుదరదండి."

"చెరిపేస్తానంటున్నాగా!"

"అందరూ అదే అంటారండి."

"నేను అందరి లాంటిదాన్నా?"

"అది కూడా అందరూ అంటారండి."

ఒక రాతకు ఒకటే చోటు. అది రూలు. తీగ మీద చదవచ్చు, ఎత్తుకుపోకూడదు. మా అమ్మమ్మ కాలంలో పోటు పుస్తకాన్ని ఎవరికి వాళ్ళు రాసుకుని దాచుకునేవారట. ఒక ఏడు పదకొండు పడవలు పాత లెక్క పట్టుకుని వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఈ రూలు. కాదనను. కానీ నేను అడిగింది ఒక్క పూటకి!

"పోనీ పెట్టెనే గుట్టకు మోసుకొస్తా. ఆయన అరలో కూర్చోబెట్టండి."

"అర తెరవాలంటే వీరాంజనేయులు గారి వేలు ఉండాలండి. అర నా మాట వినదు."

"ఆయన నేల మీదికి రాకూడదు కదండీ!"

"తెలుసండి. ఇంకేమైనా ఉందాండి?"

ఫోను పెట్టేసి, మూసిన కొట్టు తలుపును ఒక తన్ను తన్నాను. బొటనవేలు వాచింది. అది ఏ అరనూ తెరవదు.

పది రోజులు

వీరాంజనేయులు బాబాయ్ పడవ నా కొట్టుకు ఇరవై బారల దూరంలో ఉంటుంది. ఒడ్డున నిలబడి అరిస్తే మాట్లాడుకోవచ్చు. సొంత బాబాయ్ కాదు, మా నాన్నతో కలిసి వేటకు వెళ్ళినవాడు. ఇరవై రెండేళ్ళుగా పోటు రాస్తున్నాడు. ఈ ఇరవై రెండేళ్ళలో ఆయన కాలు నేల ఎరగదు. పోటు రాసే మనిషి నేల తొక్కకూడదు. తొక్కితే ఆ పూటతో ఆయన రాత అయిపోయినట్టే, ఇంకొకరిని ఎంచుకోవాల్సిందే. వంటా నిద్రా అన్నీ పడవలోనే. కూతురి పెళ్ళి కూడా పడవ పక్కన పడవ కట్టి చేశారు. కొలిచినవన్నీ రోజూ తీగఫోనులో చెబుతాడు, గుట్ట మీద అర రాసుకుంటుంది. చెప్పగానే పలక మీద అంకెలు తుడిచేస్తాడు.

"బాబాయ్, నీ రాత నా చేతికి రావట్లేదు!"

"ఏవైందే?"

"పెట్టె ఇక్కడుందా, ముక్కలు అక్కడున్నాయి. తల్లిని చూపిస్తే చూస్తుంది. పిల్లల్ని మాత్రం నా కొట్లో వెతుకుతుంది."

"నీ కొట్లో ఎందుకెతుకుద్దే? అక్కడ లేవుగా."

"అదే కదా నా మొర! ఎక్కడ నిలబడితే అక్కడే వెతుకుతుంది. దాని బుద్ధి అంతే."

బాబాయ్ వల సరిచేసుకున్నాడు.

"మా బావమరిది గూడా అంతే. పక్కూళ్ళో పోయిన గేదెని మా దొడ్లోనే ఎతికేవోడు. దొరికిందా అంటే దొరకలా అనేవోడు."

"నవ్వకు బాబాయ్. పది రోజులే ఉంది."

"నేను నవ్వట్లేదే. మీ పెట్టె నవ్విస్తంది."

తొమ్మిది రోజులు

ఈ రోజు చేసిన తెలివితక్కువ పని కూడా రాసి తీరాలి.

దొరకలేదు దొరకలేదు అని ఏడుస్తోంది కదా అని, పెట్టె నోరు మూయించడానికి నా అరలోనే అదే పేర్లతో ఖాళీ ముక్కలు పుట్టించాను. ఒకటి, రెండు, మూడు... నలభై దాకా. 'కూర్చు' అన్నాను. కూర్చింది! ఒక్క ఫిర్యాదు లేదు. పుస్తకం వచ్చి పడింది. పైన అందంగా పుట నంబరు, కింద ఏమీ లేదు. మొదటి మూడు పుటలు తిప్పి, మిగతా కట్ట మొహం చూడకుండా బుట్టలో పడేశాను. 'ఈవేళ పుట్టినవన్నీ తుడిచెయ్' అన్నాను. తుడిచేసింది.

మధ్యాహ్నం తల్లి ముక్కలోనే పిల్లల చిరునామాలు పూర్తిగా రాసేద్దాం అనుకున్నాను. దాన్ని ముట్టుకోవాలన్నా వేలు కావాలట. అడగ్గానే "కుదరదండి" వినపడింది. ఆవిడ ఫోను ఎత్తకముందే అన్నట్టు అనిపించింది.

సాయంత్రం పడవ పెద్ద నాంచారమ్మ వచ్చింది. వరసలో మొదట కదిలేది ఆమె పడవే. మిగతా అరవై రెండూ ఆమె దీపం వెంటే వెళ్తాయి.

"ఏవమ్మో అచ్చు తల్లీ, పుస్తకం ఏదీ?"

"వస్తుంది వదినా."

"నిరుడీపాటికి నా దిండు కింద ఉంది."

"నిరుడీపాటికి అరలు నా ఎదురుగా ఉన్నాయి."

"నీకెప్పుడూ ఏదోటి. పున్నమి నీ కోసం ఆగదు, ఆ సంగతి చెప్పిపోదామని వచ్చా."

చెప్పి పోయింది. పోతూ పోతూ నా బల్ల మీద పచ్చిమామిడి ముక్క కూడా తినేసి పోయింది.

ఏడు రోజులు

దొరికింది! దొరికింది! దొరికింది!

పెట్టె అడుగున అంటించిన పాత సూచనల కాగితం తడిపి, ఊడదీసి, అద్దం పెట్టి చదివాను. అందులో ఒక మూల ఉంది: పెట్టెకు ఒక చీటీ ఇవ్వచ్చట. 'ముందు నీ కాళ్ళ దగ్గర చూడు. అక్కడ లేకపోతే ఫలానా చోట చూడు.' అంతే! ఇన్ని రోజుల ఏడుపుకి రెండు వాక్యాల మందు.

చీటీ ఇచ్చాను. 'కూర్చు' అన్నాను. ఒకటి నా దగ్గర చూసింది, లేదు, గుట్ట మీద చూసింది, ఉంది. రెండు నా దగ్గర లేదు, గుట్ట మీద ఉంది. నేను అన్నం తింటూ వింటున్నాను, ఒక్కోటీ దొరికింది దొరికింది అంటుంటే పప్పు కూడా తియ్యగా ఉంది. నలభై అయ్యాయి. ఒక్క తప్పు లేదు, ఒక్క ఫిర్యాదు లేదు.

ఒడ్డుకు పరిగెత్తి అరిచాను. "బాబాయ్, అయిపోయింది!"

"గేదె దొరికిందా?"

"నలభై గేదెలూ దొరికాయి!"

ఆయన చేపల పులుసు గిన్నె తాడుకు కట్టి ఒడ్డుకు పంపించాడు.

నాలుగు రోజులు

మూడు రోజులు అచ్చు, కుట్టు, మైనం. చేతులు జిగురు. అరవై మూడు పుస్తకాలూ పడవలకు చేరాయి. అరలో ఉండాల్సిన అరవై నాలుగోది పాలబండి మీద గుట్టకు పంపాను. నాంచారమ్మ తన ప్రతి తీసుకుని మూడుసార్లు వాసన చూసి, ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం అంటే సన్మానం కింద లెక్క.

రెండు రోజులు

గాలి. రేకులు లేచిపోయాయి. గుట్టకు వెళ్ళే తీగ రెండు చోట్ల తెగిందట, అతకడానికి నాలుగు రోజులు పడుతుందట. పట్టనీ. నా పని అయిపోయింది, తెగితే నాకేం.

ఈ పై వాక్యం కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. వచ్చే ఏడాది చదివి సిగ్గుపడు.

ఒక రోజు

పొద్దున్న ఎండ ఎక్కకముందే ఎస్తేరు రాణి గారు నా కొట్టు గుమ్మంలో నిలబడి ఉంది. అరల తలుపు వదిలి ఆవిడ కిందికి రావడం నేనెప్పుడూ చూడలేదు. చెప్పులు చేత్తో పట్టుకుంది. ఒక చెప్పు తెగింది. రెండో చేతిలో నా పుస్తకం.

"కూర్చోండి. మజ్జిగ..."

"ఏడో పుట తియ్యండి తిరుపతమ్మ గారూ."

తీశాను. ఏడో ముక్క అంటే పామర్రు మలుపు. పడవదారిలో అన్నిటికన్నా ఇరుకు.

"ఎన్ని వరసలున్నాయండి?"

లెక్కపెట్టాను. "ఇరవై నాలుగు."

"అరలో ఇరవై మూడండి. కొత్తగా వచ్చిన ప్రతి పుస్తకం అరలో రాతతో వరసలు లెక్కపెట్టి చూస్తానండి. నిన్న గాలికి కిటికీలు కట్టుకునేసరికి రోజంతా పోయింది. రాత్రి లెక్కపెట్టా. ఫోను చేద్దామంటే తీగ లేదు. తెల్లారగానే బయల్దేరా."

ఇరవై నాలుగో వరసలో ఉంది: వాటర్ ట్యాంకు. దానికి తూర్పుగా పొమ్మని ఉంది, రెండు బారల నీళ్ళని ఉంది.

ఆ ట్యాంకు కార్తీకం తుఫానుకు కూలిపోయింది. కూలి పడ్డది తూర్పు వైపే. ఇప్పుడు తూర్పుగా వెళ్ళిన పడవ పడవలా తిరిగి రాదు.

ఇది నిరుటి పుట. నిరుటి పుట ఎక్కడి నుంచి వచ్చింది? అప్పుడు గుర్తొచ్చింది. నిరుడు ఆ పుటలో గళ్ళు ఎంతో చక్కగా కుదిరాయి. గళ్ళు గీయడం ఎంత చాకిరీయో నాకే తెలుసు. ధాన్యం కొట్టువాళ్ళ పట్టీకి పనికొస్తాయని ఆ ఒక్క ముక్కనీ నా అరలో పెట్టుకున్నాను. పేరు కూడా మార్చలేదు. 'ఏడు.'

ముందు నీ కాళ్ళ దగ్గర చూడు అన్నానా. చూసింది. దొరికింది. ఇంక గుట్ట దాకా పోవడం దేనికి? అది అబద్ధం చెప్పలేదు. 'దొరికింది' అనే అంది. ఎక్కడ దొరికిందని నేను అడగలేదు. ఖాళీ ముక్కలు పుట్టించిన రోజున బుట్టలో పడేసిన కట్టలో ఏడో పుట తిప్పి ఉంటే గళ్ళు గళ్ళుగా కనపడి ఉండేది. 'ఈవేళ పుట్టినవి' తుడవమన్నాను. ఉన్న పేరు మీద ఖాళీది పుట్టదు, నిరుడు పుట్టింది అలాగే కూర్చుంది.

"నా అరలోదే. నేను దాచుకున్నదే" అన్నాను.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఎస్తేరమ్మా, నన్ను గుట్ట మీదికి తీసుకెళ్ళండి. ఏడో ముక్క చూసి చేత్తో రాసుకుంటాను. ఇరవై మూడు వరసలు, పదిహేను తిథులు. మూడు వందల నలభై అయిదు అంకెలు. తప్పు లేకుండా రాస్తాను."

"రాసుకుని దాచుకున్న ముక్కే కదమ్మా ఇప్పుడు మన మీదికి వచ్చింది."

ఇద్దరం ఒడ్డుకు వెళ్ళాం. నేను అరవలేదు, తాడు పట్టుకుని పడవను దగ్గరికి లాగి చెప్పాను. బాబాయ్ మొత్తం విన్నాడు. నాంచారమ్మ కూడా తన పడవ నుంచి దూకి వచ్చింది.

"ఏడో పుట గుర్తుందా నీకు?" అంది ఆయన్ని.

"పలక తుడిచేశాక గుర్తుంటే నేను పోటు రాసేవోణ్ణి కాదు, పాటలు కట్టేవోణ్ణి. పాతదీ కొత్తదీ కలిసిపోకూడదనే గదా తుడిచేది."

"ఇప్పుడేం చేద్దాం? పున్నమి రేపే."

"ఏడ్చి ఏం లాభం? అర తెరవడానికి ఏలు కావాలంట గదా, ఏలు నా దగ్గరుంది."

నేను అడ్డం పడ్డాను. "బాబాయ్, మంచం మీద మోసుకెళ్తాం. కాలు నేలకు తగలదు. నలుగురు చాలు. అరలో కూడా మంచం మీదే కూర్చో, వేలు మాత్రం పెట్టు."

నాంచారమ్మ తల ఊపింది. "అది బానే ఉంది. కాలు ఆనలా అని నేనే సాక్ష్యం చెప్తా."

బాబాయ్ నవ్వాడు. "కాలుదేవుందే పిచ్చిదానా! కాళ్ళకేవన్నా చెవులున్నయ్యా? ఒళ్ళంతా నీళ్ళ మీదుండాలి. నిద్దట్లో గూడా పోటు ఎక్కేది, దిగేది ఒంటికి తెలవాలి. మంచం మీద మోసినా, మబ్బు మీద మోసినా ఒళ్ళు నీళ్ళ మీద ఉండదుగా. కాలు ఆనలేదని వచ్చే ఏడు నేను పోటు రాస్తాననుకో. మీరు నమ్మి పోతారు. పైకి అంతా బానే ఉంటది, ఈ పిల్ల పుస్తకం లాగా."

ఆ చివరి మాట ఆయన ఎత్తిపొడుపుగా అనలేదు. అందుకే తగిలింది.

తువ్వాలు భుజాన వేసుకుని, ఒక చెయ్యి నా భుజం మీద పెట్టి, దిగాడు. ఇరవై రెండేళ్ళ తర్వాత నేల మీద మొదటి అడుగు. పడబోయాడు. రెండో అడుగుకీ పడబోయాడు.

"ఇదేంటే, ఊగట్లేదు?" అన్నాడు.

నేను భుజం గట్టిగా ఆనించాను.

కూర్పుపెట్టెను కర్రకు కట్టి ఇద్దరు పడవవాళ్ళు మోశారు. బాబాయ్ నా భుజం వదలకుండా నడిచాడు. గంటన్నర దారికి రెండున్నర గంటలు పట్టింది. మధ్యలో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఎస్తేరు రాణి గారు తెగిన చెప్పు పట్టుకునే ముందు నడిచింది. నీళ్ళు తాగమని ఆయనకు మూడుసార్లు చెప్పింది. నాకు ఒక్కసారీ చెప్పలేదు. న్యాయమే.

అర ముందు ఆయన వేలు పెట్టాడు. తెరుచుకుంది. పెట్టెను లోపల కూర్చోబెట్టాను. చీటీ చింపేశాను. చిరునామా చెప్పలేదు, ఏమీ చెప్పలేదు. తల్లి ముక్క ముందు పెట్టి 'కూర్చు' అన్నాను.

వక్కపలుకు నమిలేంత సేపు. నలభై పుటలు. అంతే! పన్నెండు రోజులు నేను చేసిన యుద్ధమంతా, పిల్లలున్న చోటికి వెళ్ళి నిలబడితే, వక్కపలుకు నమిలేంత సేపు! అక్కడే గోడకు తల కొట్టుకుందామనిపించింది. ఏడో పుట తీశాను. ఇరవై మూడు వరసలు. ఎస్తేరు రాణి గారు వేలితో ఒక్కోటీ తాకుతూ లెక్కపెట్టింది. తర్వాత నలభై పుటలూ, నా పాత పుస్తకం పక్కన పెట్టుకుని, మొదటి నుంచీ చూసింది. మిగతా ముప్ఫై తొమ్మిదీ సరిగ్గానే ఉన్నాయి.

కాగితాలు కొట్టడానికి కావాల్సిన అచ్చు పలక తీసుకుందామంటే అది అరలోనే వచ్చి కూర్చుంది. ఎక్కడ కూర్చితే అక్కడే పడుతుందిగా, దరిద్రం! బిక్కమొహం వేసుకుని ఆవిడ వైపు చూశాను.

"పలక బయటికి వెళ్ళచ్చండి. ముక్కే వెళ్ళకూడదు. తీసుకుపొండి" అంది. పదకొండు రోజుల్లో ఆవిడ నోట కుదిరిన మొదటి పని ఇది.

సాయంత్రం ఎండ ఉండగానే దిగాం. ఏడో పుట అరవై నాలుగు కాగితాలు కొట్టాను. కొట్టేముందు పుట అడుగున రెండు వాక్యాలు చేర్చాను. బాబాయ్ కొట్టు బయట అరుగు మీద కళ్ళు మూసుకుని పడుకున్నాడు, ఆయన్ని అడగలేదు. దించిన కాగితం తీసుకెళ్ళి నాంచారమ్మకు ఇచ్చాను. ఆమె పెద్దగా చదివింది, రేవంతా వినేలాగా:

"ఈ పుట మొదట తప్పుగా పడింది, ఆ తప్పు అచ్చుకొట్టు తిరుపతమ్మది. వీరాంజనేయులు లెక్క తప్పలేదు."

చదివి నా వైపు చూసింది.

"వచ్చే ఏడు నీ దగ్గర అచ్చు ఏయించాలా వద్దా అనేది తిరిగొచ్చాక మాట్టాడదాం."

"అలాగే వదినా."

"తిరిగొస్తేనే లే" అంది. సూదీ దారం అందుకుని పాత ఏడో పుట చింపి కొత్తది కుట్టడం మొదలుపెట్టింది. నా చేతిలో ఇంకో సూది పెట్టింది.

నా అరలో పాత 'ఏడు' తుడిచేశాను. గళ్ళు చక్కగానే ఉన్నాయి. తుడిచేశాను.

పడవలు కదిలిన రోజు

తెల్లవారాక, అన్ని పుస్తకాల్లో ఏడో పుట మారిందని పడవ పడవకూ ఎక్కి నేనే చూశాను. అరవై మూడు. తొమ్మిది గంటలకు నాంచారమ్మ తాడు విప్పింది. వెనకాల మిగతావి.

ఇసకమేట దాటేదాకా బాబాయ్ ఒడ్డున నిలబడి చూశాడు, నా కొట్టు స్తంభం పట్టుకుని. తర్వాత వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. టీ ఇచ్చాను. గ్లాసు ఒలకకుండా పట్టుకోవడానికి అలవాటుగా చెయ్యి అటూ ఇటూ కదిలిస్తున్నాడు. నేల కదలదు కాబట్టి ఒలికింది.

"ఇంక పోటు ఎవరు రాస్తారంట?" అన్నాడు.

"నీ కూతురిని అడుగుతారట. పుట్టిందీ పెరిగిందీ పడవలోనే కదా."

"దానికి కోపం ఎక్కువ. పోటుకు పనికొచ్చుద్ది."

ఆయన నీళ్ళకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఎప్పుడూ అంతే, పోటు వంక చూసేవాడు కాదు, చూడాల్సిన అవసరం లేక. మధ్యాహ్నం కావస్తుండగా, గ్లాసు కింద పెట్టి, అలవాటుగానే అన్నాడు:

"ఇదిగో, ఇప్పుడు తిరిగింది."

నేను నీళ్ళ వైపు చూశాను. రేవు మెట్ల మీద తడి గుర్తు అప్పటికే నీళ్ళకు జానెడు పైన ఉంది. పోటు తిరిగి ముప్పావుగంట అయి ఉంటుంది.

ఆయన నా మొహం వైపు చూస్తున్నాడు.

"అవును బాబాయ్" అన్నాను.